బోల్టు ఉండాల్సిన చోటు

ఈ ఉదయం కారులో పెట్రోలు వాసన లేదు. తులారీ ఊరు దాటి మూడు మైళ్ళు వచ్చాను. మూడుసార్లు గాలి గట్టిగా పీల్చి చూశాను, లేదు. పాత తోలు సీట్ల వాసన, చలికి చెమ్మగిల్లిన రగ్గు వాసన, నేను వెనక సీటులో పెట్టిన తీపి రొట్టెల వాసన, అంతే. ఇరవై రెండేళ్ళుగా ఈ కారు ఎక్కగానే నా మొదటి మాట వాసన గురించే. ఎక్కడం, ముక్కు చిట్లించడం, కిటికీ దించడం. ఇవాళ దించాల్సిన పని లేదు, దించినా పొగమంచు తప్ప లోపలికి వచ్చేదేమీ లేదు. రోడ్డు ఇరవై అడుగులకు మించి కనిపించడం లేదు. తెల్లగీత ఒక్కొక్క ముక్కగా మంచులోంచి వచ్చి బానెట్ కిందికి పోతోంది. వెనక అద్దంలో గిల్బర్ట్ ఒరోస్కో కారు దీపాలు, వాటి వెనక ఇంకో జత, ఆ వెనక అంతా మసక. పద్నాలుగు కార్లు, అన్నీ నా వెనకే, నా వేగంతోనే. మా పాత కార్ల క్లబ్బు ఆనవాయితీ అది. బాదం పూతలో జరిగే ఏడాది మొదటి ప్రయాణంలో, కిందటేడు పోయిన సభ్యుడి కారు అందరికన్నా ముందు నడవాలి. ఇంటివాళ్ళే నడపాలి. బాదం తోట చేరేదాకా దాన్ని ఎవరూ దాటకూడదు. అది ఆగితే అందరూ ఆగాలి. పోయిన సభ్యుడు నా భర్త అల్వారో. పోయాడు అనే అంటాను. మిగతా మాటలన్నీ ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుని చూశాను, ఇదొక్కటే కాస్త నిలబడింది.

రేడియో పైన, డ్యాష్‌బోర్డుకి జామ్ సీసా మూత ఒకటి అంటించి ఉంది. అది బోల్టు ఉండాల్సిన చోటు. ఇంజను నడుస్తున్నంతసేపూ బోల్టు ఆ మూతలో ఉండాలి, మలుపు తిరిగినప్పుడల్లా అటూ ఇటూ దొర్లి చిన్న చప్పుడు చెయ్యాలి. మూత ఖాళీగా ఉంది. చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. గేరు మార్చినప్పుడు చూస్తున్నాను, మార్చనప్పుడూ చూస్తున్నాను. తోటకి ఇరవై రెండు మైళ్ళు. మూడు అయ్యాయి. నాలుగో మైలు దగ్గర ఇంజను దగ్గుతుందని నాకు తెలుసు, ఆరో మైలు దాటదని తెలుసు. ఒకసారి అల్వారో బోల్టు తీయడం మరిచిపోయాడు, మా మేనకోడలి పెళ్ళికి వెళుతూ. లేత నీలం గౌనులో నేను రోడ్డు పక్కన నిలబడ్డాను. పాలలారీల వాళ్ళు హారన్లు కొట్టుకుంటూ పోయారు. అల్వారో కోటు విప్పి నా చేతికిచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, భుజం దాకా చెయ్యి కారు కిందికి పోనిచ్చి, బోల్టు లాగి పైకెత్తి చూపించాడు, చేప పట్టినవాడిలా. జామ్ సీసా మూత ఆ మర్నాడు అంటించాడు. ఇక మరిచిపోనన్నాడు. మరిచిపోలేదు కూడా. ఇవాళ మరిచిపోయినవాళ్ళు ఎవరూ లేరు. తెలిసే తీయలేదు.

పొద్దున బయల్దేరేముందు గిల్బర్ట్ నా కిటికీ దగ్గరికి వచ్చాడు. చలికి చేతులు రుద్దుకుంటూ, టోపీ కళ్ళ మీదికి లాక్కుని, ఒక్క మాటే అడిగాడు. "బోల్టు తీశారా, టీచరమ్మా?" క్లబ్బులో ఆ బోల్టు సంగతి తెలియనివాళ్ళు లేరు. "తీశాను" అన్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు నాలుగో తరగతికి పాఠాలు చెప్పినదాన్ని, అబద్ధం చెప్పేటప్పుడు పిల్లలు ఎటు చూస్తారో నాకు బాగా తెలుసు. నేను స్టీరింగు వైపు చూశాను. కిందటి వారం బ్యాటరీ, నూనె చూడటానికి వచ్చినప్పుడు కూడా గిల్బర్ట్ కారు వెనక్కి వెళ్ళబోయాడు. కాఫీ చల్లారిపోతోంది అని లోపలికి పిలిచాను. కాఫీ అప్పటికి ఇంకా పెట్టనే లేదు.

ఈ కారు పందొమ్మిది వందల యాభై ఒకటి నాటిది. అల్వారో కొన్నప్పుడు దాని ఎత్తు మామూలుగానే ఉండేది. తర్వాత పైకప్పు నాలుగంగుళాలు కోసి కిందికి దించాడు, చక్రాల మీద నుంచి ఒళ్ళంతా నేలకి దించాడు. దించాక అడుగున పెట్రోలు ట్యాంకుకి చోటు లేకపోయింది, స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా గీసుకునేది. అందుకని కొత్త ట్యాంకు తన చేత్తోనే అతికి డిక్కీలో కూర్చోబెట్టాడు, నా వీపుకి నాలుగడుగుల దూరంలో. ఆ రోజు మొదలు ఈ వాసన. ట్యాంకు ఊపిరి పీల్చాలి ఇడా, అనేవాడు. పెట్రోలు ఇంజనులోకి పోయిన కొద్దీ దాని చోటులోకి గాలి రావాలి, ఎండకి లోపల ఆవిరి పెరిగితే బయటికి పోవాలి, రెండిటికీ ఒకటే కంత. ఆ కంతకి రబ్బరు గొట్టం తగిలించాడు. మొదట అది డిక్కీలోనే ఊపిరి వదిలేది. సీటు వెనక రేకు కొట్టాడు, రేకు అంచులకి రబ్బరు అంటించాడు, అయినా వచ్చేది. తర్వాత డిక్కీ నేలకి బెజ్జం పెట్టి గొట్టాన్ని కారు కిందికి దించాడు. అప్పుడు కారులో తగ్గి గ్యారేజీలో ఎక్కువైంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద నీళ్ళలా పాకుతుంది, మూల ఉన్న గ్యాస్ గీజరు చిన్న మంట దాకా పాకుతుంది. అది చెప్పింది నేనే. మర్నాడే ఇటుకలతో దిమ్మె కట్టి గీజరుని నడుము ఎత్తుకి లేపాడు. గ్యారేజీకి, వంటింటికి మధ్య ఒకటే తలుపు. వాసన తలుపు కింది నుంచి వచ్చేది, నా చారులోకి వచ్చేది, నేను దిద్దే కాగితాల్లోకి వచ్చేది. అప్పుడు పుట్టింది ఈ బోల్టు. ఇంటికి వచ్చాక గొట్టం మూతికి బోల్టు బిగించడం, బయల్దేరేముందు తీయడం. క్లబ్బులో ఎంత నవ్వారో. "ఒరేయ్ అల్వారో, ట్యాంకు ఏడవకుండా నోట్లో పాలపీక పెట్టావట్రా?" అనేవాడు గిల్బర్ట్. "మా ఇంట్లో టీచరుంది, గాలైనా సరే చెయ్యెత్తి అడిగే బయటికి రావాలి" అనేవాడు అల్వారో. అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని, కాస్త ఆలస్యంగా.

మూసిపెట్టడం సరైన పద్ధతి కాదని అతనికీ తెలుసు. బొగ్గు డబ్బా పెట్టాలి ఇడా, ఆవిరినంతా బొగ్గు పట్టి ఉంచుతుంది, ఇంజను నడిచినప్పుడు తిరిగి లాక్కుంటుంది, కారు తలకిందులైనా పెట్రోలు కారకుండా ఒక వాల్వు కూడా కావాలి, అనేవాడు. పాత ఇనుము కొట్టు నుంచి డబ్బా తెచ్చాడు కూడా. పనిబల్ల మీద ఉంది, అట్టపెట్టెలో. వచ్చే నెల పెడతాను అన్నాడు, ఎనిమిదేళ్ళు అన్నాడు. బల్ల మీద ధూళి తుడిచినప్పుడు ఆ పెట్టె చుట్టూ తుడుస్తున్నాను, పెట్టెని కదపడం లేదు. ఎందుకో రాసి చూపించమంటే రాయలేను. నాలుగో మైలు రాయి పక్కనుంచి పోయింది. దగ్గలేదు. మంచులో ఒక నీళ్ళ ట్యాంకు కాళ్ళు కనిపించి మాయమయ్యాయి, తల కనిపించలేదు. దగ్గితే ఏం చెయ్యాలి. దగ్గకపోతే ఏం చెయ్యాలి. వెనక దీపాలు అదే దూరంలో ఉన్నాయి. ఎవరూ హారన్ కొట్టరు, ఇంత నెమ్మదిగా వెళుతున్నా కొట్టరు. అదే భరించలేకుండా ఉంది, ఆ మర్యాద.

సెప్టెంబరు అది. నూట నాలుగు డిగ్రీలు. సాయంత్రం ఆరున్నరకి కూడా వంటింటి కుళాయిలో వేడినీళ్ళే వచ్చాయి. అల్వారో కారు గ్యారేజీలో పెట్టి లోపలికి వచ్చాడు. కొత్తిమీర కోస్తున్నానా, కాదు, కేల్ ఆకు కోస్తున్నాను, చారుకి. నాకు కచ్చితంగా గుర్తుండాలి. కేల్ ఆకు. బల్ల మీద ఇరవై ఆరు లెక్కల కాగితాలు, దిద్దాల్సినవి. వాసన అతనితో పాటే వచ్చింది, తలుపు మూసినా వచ్చింది. బోల్టు పెట్టలేదా అన్నాను. ట్యాంకు వేడిగా ఉంది, గంట ఆగాలి, వేడి మీద మూస్తే మంచిది కాదు, కాస్త ఊపిరి పీల్చుకోనీ అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, బూట్లు విప్పబోతున్నాడు. అప్పుడు అన్నాను. "ట్యాంకుకి ఊపిరి కావాలి, సరే. మరి నాకో?" కోపంగా కూడా అనలేదు. తరగతిలో అనే గొంతుతో అన్నాను, అందరూ వినేలా, ఎవరినీ నొప్పించనట్టుగా. అతను బూటు తాడు మళ్ళీ కట్టుకున్నాడు. ఎడమ బూటు. వెళ్ళాడు. తలుపు తనే మెల్లగా మూశాడు, వాసన రాకుండా. నేను చారు మంట తగ్గించి కాగితాలు ముందేసుకున్నాను. నలభై నిమిషాలు. అలిగాడనుకున్నాను. అక్కడ ఏదో పనిలో పడి ఉంటాడనుకున్నాను. పందొమ్మిది కాగితాలు దిద్దాను, ఇరవయ్యోది ఎవరిదో కూడా గుర్తుంది, భాగహారంలో శేషం రాయడం మరిచిపోయింది. తలుపు తీసేసరికి అల్వారో కారు వెనక మోకాళ్ళ మీద ఉన్నాడు, భుజం దాకా చెయ్యి కారు కింద, చెంప బంపరుకి ఆనించి. గొట్టం కోసం ఇంకా వెతుకుతున్నాడనుకున్నాను. "దొరకలేదా?" అని అడిగాను. రెండుసార్లు అడిగాను.

గుండె, అన్నారు. క్షణాల్లో అయిపోయి ఉంటుంది, అన్నారు. సరే. ఆ వారమంతా ఇంటి నిండా జనం, తలా ఒక గిన్నె తెచ్చారు, గ్యారేజీ తలుపు తెరుస్తూ మూస్తూ తిరిగారు, ఒక్కరూ వాసన అనలేదు. అప్పుడు అర్థమైంది నాకు. పని పూర్తి చేశాడు. బోల్టు బిగించాడు, ఆ తర్వాతే. నేను అడిగింది చేసి పెట్టాడు. దీన్ని ఎటు తిప్పి చూసినా ఒక అంచు కోస్తూనే ఉంది. ఐదు నెలలు ఆ బోల్టు జోలికి వెళ్ళలేదు. అతను తన చేత్తో మూసిన చివరి వస్తువు అది. లోపల ఉన్నది ఆ సాయంత్రపు గాలి. తీస్తే బుస్సుమని బయటికి పోతుంది, ఇక ఏమీ మిగలదు. ఇది శాస్త్రం కాదని తెలుసు. తెలిసినా రోజూ రాత్రి పడుకునేముందు గ్యారేజీ తలుపు తీసి గాలి పీల్చి చూసేదాన్ని. వాసన లేదంటే ఇంకా ఉన్నట్టు. ఇరవై రెండేళ్ళు ఏ వాసన వద్దన్నానో అది రాకూడదనే ఇప్పుడూ కోరుకుంటున్నాను, కారణం మాత్రం వేరు. ఈ పొద్దున క్లబ్బు వాళ్ళు వాకిట్లో వరసగా నిలబడి ఉంటే, బోల్టు తీయడానికి కారు వెనక్కి వెళ్ళాను. వంగాను కూడా. మోకాలు నేలకి ఆనకముందే లేచి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాను.

ఐదో మైలు దగ్గర దగ్గింది. ఒక్కసారి, మనిషి గొంతు సవరించుకున్నట్టు. కాలు నొక్కాను, అందుకుంది. ఇరవై రెండు మైళ్ళలో ఇంకా పదిహేడు. అతని కారు తోట చేరకుండా దారిలో ఆగిపోతే ఆ మాట క్లబ్బులో ఉండిపోతుంది. అల్వారో కారు చివరిదాకా రాలేదు అంటారు, ఎవరూ చెడుగా అనరు, జాలిగా అంటారు. అతని పనితనం మీద ఆ మచ్చ పడితే వేసింది నేనే అవుతాను. ఈసారి కూడా నేనే. మళ్ళీ దగ్గింది. తీయాలి, ఇప్పుడే ఆపి తీయాలి, కాస్త ఆగు, ఇంకొంచెం పోనీ. రెండు పక్కలా మంచు పలచబడుతోంది. తోటల అంచున తేనెపెట్టెల వరసలు కనిపిస్తున్నాయి, చలికి ఒక్క తేనెటీగా బయటికి రాలేదు. పెట్టెల వెనక కొమ్మలు తెల్లగా ఉన్నాయి. మంచో పూతో తెలియడం లేదు. మూడోసారి దగ్గలేదు. చప్పుడు లేకుండా బలం పోయింది, కాలు కింద ఏమీ లేనట్టు అయింది. మెల్లగా మట్టి అంచుకి లాగాను. కారు ఆగింది. వెనక ఒకటి తర్వాత ఒకటి పద్నాలుగు ఇంజన్లు ఆగాయి. చివరిది ఆగాక ఎంత నిశ్శబ్దమంటే, బానెట్ కింద ఇనుము చల్లారుతున్న టిక్కు టిక్కు వినిపించింది.

గిల్బర్ట్ దిగి వచ్చాడు. ముందు వెనక్కి తిరిగి అరిచాడు. "సిగరెట్లు ఆర్పండ్రా! ఒక్కడు కూడా దగ్గరికి రాకండి." తర్వాత నా కిటికీ మీదికి వంగి మూత వైపు చూశాడు. ఖాళీ మూత. చాలాసేపు చూశాడు.

"తీశానన్నారుగా, టీచరమ్మా."

"అబద్ధం చెప్పాను."

"అబద్ధం చెప్పిందని మా అమ్మాయిని రెండు రోజులు ఆటకి పంపలేదు మీరు. గుర్తుందా?"

"మూడు రోజులు" అన్నాను. అన్నాక నోరు ఆగలేదు. ఐదు నెలలు ఎవరికీ చెప్పని వాక్యం ఎంత చిన్నదో చెప్పాకే తెలిసింది. "గిల్బర్ట్, ఆ సాయంత్రం అల్వారోని గ్యారేజీలోకి పంపింది నేనే. వేడిగా ఉంది, గంట ఆగాలన్నాడు. ఆగనివ్వలేదు."

గిల్బర్ట్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. రోడ్డు వైపు చూశాడు. ఓదార్పు మాట ఏదైనా అంటాడేమోనని భయపడ్డాను. అంటే భరించలేను.

"మీరు మీ అక్కగారి మోకాలి ఆపరేషనుకి మోడెస్టో వెళ్ళి ఆరు వారాలు ఉన్నారు చూడండి" అన్నాడు. "మంగళవారం మంగళవారం మా ఇంట్లో పేకాట. కారు మీ గ్యారేజీలో పెట్టి, ట్రక్కు వేసుకుని వచ్చేవాడు. గంట కాగానే లేచేవాడు, బోల్టు పెట్టాలిరా అని. ఒరేయ్, ఇంట్లో పిల్లి కూడా లేదు కదరా, ఎవరి ముక్కు కోసంరా అన్నాను. ఒక్కరోజు మానితే ఆమె వచ్చాక మరిచిపోతానురా అన్నాడు. చేతిలో మంచి ముక్కలు పెట్టుకుని లేచిపోయాడండీ, దొంగ వెధవ. ఆ ఆట నేను ఇప్పటికీ మరిచిపోలేదు."

మోడెస్టోలో ఆరు వారాలు. రోజూ ఫోను చేసేవాడు, ఒక్కనాడూ ఈ సంగతి చెప్పలేదు. ఎవరూ లేని ఇంట్లో వాసన రాకుండా తలుపు మెల్లగా మూసుకునేవాడన్నమాట. అయితే ఆ మాట నేను అనకపోయినా వెళ్ళేవాడా? వెళ్ళేవాడు, గంట తర్వాత. ఆ గంట మాత్రం నాదే. దాన్ని గిల్బర్ట్ తీసుకోలేడు, తీసుకుంటాననీ అనలేదు. "నేను తీస్తానుండండి" అని చొక్కా చేతులు మడుస్తున్నాడు. వద్దన్నాను.

కారు వెనక్కి నడిచాను. మట్టి తడిగా ఉంది. చర్చికి వేసుకునే నల్ల స్కర్టు, పోనీ. మోకాళ్ళ మీద కూర్చున్నాను. చెయ్యి కిందికి పోనిచ్చాను, మణికట్టు, మోచెయ్యి, చాలలేదు, భుజం దాకా పోనిస్తే తప్ప అందదు, భుజం దాకా పోనిస్తే చెంప బంపరుకి ఆనక తప్పదు. ఆనింది. చల్లగా ఉంది. గొట్టం దొరికింది, దాని మూతి, మూతిలో బోల్టు తల. గట్టిగా బిగించి ఉంది. సగం పెట్టి వదిలేసిన పని కాదు. ఒకసారి తిప్పాను, రెండుసార్లు తిప్పాను. ఊపిరి బిగబట్టాను, ఆ సాయంత్రపు గాలి ముఖం మీదికి వస్తుంది, కళ్ళు మూసుకున్నాను. లాగాను.

బయటికి ఏమీ రాలేదు. లోపలికి పోయింది. సన్నగా, పొడుగ్గా, ఆగకుండా ట్యాంకు గాలిని లాక్కోవడం మొదలుపెట్టింది, చాలాసేపు నీళ్ళలో ఉండి పైకి తేలిన మనిషిలా. నా వేలు గొట్టం మూతికి తగిలితే వేలిని కూడా లాక్కుంది. లోపల రేకు టప్పున చప్పుడు చేసి మామూలు ఆకారానికి వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది. ప్రతి అక్టోబరులో తరగతిలో చేసి చూపిస్తాను. ప్లాస్టిక్ సీసాలో వేడినీళ్ళు పోసి, పారబోసి, మూత బిగించి బల్ల మీద పెడతాను. పిల్లలు చూస్తుండగానే చల్లారి, సీసా తనలోకి తనే నొక్కుకుపోతుంది. వేడి మీద మూస్తే ఇంతే పిల్లలూ, అంటాను. మూత తీస్తే ఏమవుతుంది, అని అడుగుతాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అడుగుతున్నాను. అతను వేడి మీద మూశాడు. నేను తొందరపెడితే మూశాడు. దాచుకోవడానికి లోపల ఏ సాయంత్రమూ లేదు. ఐదు నెలలుగా అది గాలి కోసం చూస్తోంది. నేను గ్యారేజీ తలుపు దగ్గర నిలబడి ముక్కుతో వెతుకుతున్నాను. ఆ చప్పుడు ఆగేదాకా చెంప తీయలేదు. ఆగాక కూడా కాసేపు తీయలేదు. నా గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది, గిల్బర్ట్ అటు తిరిగి నిలబడి తోట వైపు చూస్తూ, అక్కడివాళ్ళతో పూత గురించి గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఈసారి ముందే పూసిందిరా, వాన పడకపోతే చాలురా, అని.

బోల్టుని స్కర్టుకి తుడిచి మూతలో వేశాను. ఇంజను మూడోసారికి అందుకుంది. వెనక ఒక్కొక్కటిగా పద్నాలుగు ఇంజన్లు లేచాయి. పదహారు మైళ్ళు. వంతెన దగ్గర మలుపు తిరిగాను, బోల్టు దొర్లి చిన్న చప్పుడు చేసింది. మంచు విడిపోయింది. రెండు పక్కలా పూత, తేనెపెట్టెల మీద ఎండ. ఇంకో మైలు పోయాక వచ్చింది, సీటు వెనక నుంచి, రేకు అంచుల నుంచి, పలచగా, ఘాటుగా.

"అల్వారో, వాసన" అన్నాను. ఎప్పటిలాగే కుడిచెయ్యి కిటికీ పిడి కోసం వెళ్ళింది. ఇవాళ ఎడమ పక్కన, స్టీరింగు ముందు ఉన్నాను, అక్కడ కిటికీ లేదు. అతను నడుపుతున్నప్పుడు నేను కూర్చునే సీటు ఉంది. చేతిని దాని మీదే ఉంచాను, తోట వచ్చేదాకా.